తూర్పు గట్టు గోల

ఆశ్వయుజ బహుళ దశమి. పోటు తక్కువ.

నీటిమట్టం మామూలే. మూడో పంపు దగ్గుతోంది గానీ ఆగలేదు. డ్యూటీలో నేను, బాషా మావ.

ఈ పంపుహౌసు లాగ్‌బుక్కులో నీటిమట్టం, పంపుల సంగతి తప్ప ఇంకో ముక్క రాయకూడదని రూలు. ఇన్నాళ్ళూ పాటించాను, ఇక పాటించను. దీన్ని చదవాల్సిన ఆఫీసు కిందటేడాదే మెరకపురానికి తరలిపోయింది. చదివే దిక్కు లేని పుస్తకంలో నా కడుపుమంట రాసుకుంటే ఎవరి సొమ్ము పోయింది?

మన జట్టు పోతోంది. బందరు కెరటాలు ఇక బందరువి కావు. పొద్దున్నే కరకట్ట మీద స్పీకర్లో చదివారు, రేపు కుళాయి రాదని చెప్పినంత తాపీగా. "అభిమానుల భద్రత దృష్ట్యా" కెరటాల బాస్కెట్‌బాల్ జట్టును కార్తీకం వెళ్ళేలోగా మెరకపురానికి తరలిస్తారట. పేరు మాత్రం మార్చరట. మెరకపురం ఎక్కడుంది? కొండ మీద. అక్కడ సముద్రం చూడాలంటే గోడకి బొమ్మ తగిలించుకోవాలి. ఆ ఊరికి కెరటాలట. సిగ్గుండాలి.

ముందు బ్యాంకు పోయింది, భద్రత అన్నారు. ఆసుపత్రి పోయింది, అప్పుడూ భద్రతే. కాలేజీని పడవల్లోకెక్కించి తీసుకుపోయారు. ఎవరు పోయినా మేం మాత్రం పంపులు కొడుతూనే ఉన్నాం, ఊరు పొడిగానే ఉంది. మా పాదాలు తడిస్తే వాళ్ళకి జలుబు చేసిందట.

"పోనీలేవే కుమారీ, ఆట ఎక్కడాడినా ఆటే కదా," అన్నాడు బాషా మావ. ఆయన స్టేడియంలో మేం కూర్చునే తూర్పు గట్టు మీద ముప్పై ఏళ్ళుగా డప్పు కొడుతున్న మనిషి. ఆ మాటంటూ నా మొహం చూడలేదు. పానా తీసుకుని, బిగిసే ఉన్న నట్టుని మళ్ళీ బిగించాడు.

ఆశ్వయుజ బహుళ త్రయోదశి. పోటు ఎక్కుతోంది.

నాలుగు పంపులూ నడుస్తున్నాయి. గేటు దగ్గర నాచు తీశాం.

జట్టు ఒక్కటే పోతోందనుకున్నాను. ఇవాళ తెలిసింది, మమ్మల్ని కూడా పట్టుకుపోతున్నారు.

స్టేడియంలో ప్రతి కుర్చీ కింద ఒక మైకు ఉంది. పన్నెండేళ్ళుగా మా కేకలు, ఈలలు, తిట్లు అన్నీ ఓ యంత్రం వింటూ నేర్చుకుంటోంది. కంపెనీ దానికి జీవధ్వని అని పేరు పెట్టుకుంది. మేం గోలపెట్టె అంటాం. మెరకపురం జనానికి కేకలెయ్యడం చేతకాదట. అందుకని అక్కడి స్టేడియంలో గోలపెట్టె బిగించి, తూర్పు గట్టు గోల మొత్తం దాంతో వినిపిస్తారట. బాల్ ఎటు పోతే అటు అదే అరుస్తుంది. మేముండం, మా గొంతులుంటాయి.

ఆ గొంతుల్లో మా అమ్మ ఉంది.

అమ్మ పేరు లంకే నాంచారమ్మ. మిగతా ఊళ్ళలో ఫౌల్ అయ్యాక తమవాడు గీత దగ్గర ఒంటరిగా ఫ్రీ త్రో వెయ్యడానికి నిలబడితే జనం గొంతులు చించుకుంటారు. మా గట్టు మీద అలా కాదు. మావాడు గీత దగ్గరికొచ్చాడంటే అందరూ నోళ్ళు మూస్తారు, డప్పు ఆగుతుంది. అప్పుడు మా అమ్మ ఒక్కతే లేచి, వాడి ఇంటిపేరు పెట్టి పిలిచేది. ఒడుగు నాగేంద్రనైతే, "ఒడుగోరబ్బాయ్, తొందరేం లేదు." అంతే. నైజీరియా నుంచి వచ్చిన పొడుగు కుర్రాడికి కూడా ఇంటిపేరు కనుక్కుని మరీ పిలిచింది. ఆ పిలుపు వింటే ఆటగాడి భుజాలు దిగేవి, బాల్ రింగులో పడేది. పడకపోయినా ఎవరూ ఏమీ అనేవారు కాదు, తొందరేం లేదని ముందే చెప్పాం కదా.

అమ్మ పోయి రెండేళ్ళు. ఆ పిలుపు నన్ను అందుకోమన్నారు. లేచి నిలబడ్డాను, పిలవలేక కూర్చుండిపోయాను. అప్పటినుంచి ఆ చోటు ఖాళీగానే ఉంచాం. మావాడు గీత దగ్గర నిలబడితే గట్టంతా ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది, ఎవరూ పిలవరు. ఆ ఖాళీ ఆవిడది. దాన్ని ఎవడికో అప్పజెప్పడానికి నేను ఒప్పుకోను.

అమావాస్య. పెద్ద పోటు.

నీళ్ళు కరకట్ట అంచుకి వచ్చి వెనక్కిపోయాయి. దీపాలు పెట్టే తీరిక లేదు. మధ్యాహ్నం పోటు తగ్గాక పడవ బస్సెక్కి క్లబ్బు ఆఫీసుకి వెళ్ళాను. చెప్పులకి బురద ఉంది, తుడుచుకోలేదు.

ఎక్స్‌పీరియన్స్ మేనేజరట, పేరు శ్రీనిధి, పాతికేళ్ళుంటాయి. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. మంచినీళ్ళిచ్చేవాళ్ళతో పోట్లాడ్డం కష్టం, అయినా పోట్లాడాను.

"మీ ఎమోషన్ నాకు అర్థమవుతోంది మేడమ్. కానీ టికెట్ వెనక కండిషన్ ఉంది చూడండి. స్టేడియంలో చేసిన ధ్వని క్లబ్బుకే చెందుతుంది."

"మా అమ్మ జన్మలో టికెట్ కొనలేదు," అన్నాను. "గేటు కాడ కుర్రాడి పెళ్ళికి చేపల పులుసు వండింది ఆవిడే. ఆవిణ్ణి టికెట్ అడిగే మొగోడు బందర్లో పుట్టలేదు. మరి ఆవిడ గొంతు మీదెట్టా అయ్యింది?"

ఆ పిల్ల నవ్వబోయి ఆపుకుంది. "వేలమంది గోల మేడమ్ అది. అందులోంచి ఒక్క గొంతు విడదీయడం టెక్నికల్‌గా అసాధ్యం. పులుసులో కలిసిన ఉప్పు మళ్ళీ బయటికి తీయగలమా చెప్పండి."

"తియ్యలేరా?"

"తీయలేం మేడమ్. మాకే చేతనైతే తీసి మీ చేతిలో పెట్టేవాళ్ళం."

లేచి వస్తుంటే ఓదార్పుగా ఇంకో మాట అంది. యంత్రం ఎప్పుడూ కొత్తగా విన్నదానికే ఎక్కువ విలువ ఇస్తుందట. అష్టమినాడు బందర్లో జరిగే ఆఖరి మ్యాచ్ రికార్డింగే అన్నిటికీ పెద్దదిక్కట. "కాబట్టి బాగా ఎంజాయ్ చేయండి మేడమ్, మీ బెస్ట్ ఇవ్వండి."

ఇస్తాను తల్లీ.

కార్తీక శుద్ధ పంచమి. పోటు తగ్గుతోంది.

పంపు బెల్టు మార్చాం. మూడోది ఇంకా దగ్గుతూనే ఉంది.

ఈ నాలుగు రోజులూ ఇల్లిల్లూ తిరిగాను. చెప్పింది ఒక్కటే మాట. ఆఖరి మ్యాచ్‌లో తూర్పు గట్టు నోరు విప్పకూడదు. కేక, ఈల, డప్పు ఏవీ ఉండకూడదు. ఆ గోలపెట్టె చివరిగా నేర్చుకునేది మౌనమే కావాలి. మెరకపురంలో ఆ పెట్టె మూగదై కూర్చోవాలి.

అందరూ సరేనన్నారు. పడమటి బ్లాకు ముసలాళ్ళు కూడా సరేనన్నారు, వాళ్ళకి మాతో పదేళ్ళుగా మాటల్లేవు. బాషా మావ ఒక్కడే గొణిగాడు.

"డప్పు తేకుండా ఎట్టా వత్తానే? చేతులు ఊరుకోవు."

"తెచ్చుకో. ఒళ్ళో పెట్టుకుని కూసో. దెబ్బ పడిందంటే మాత్రం నీకూ నాకూ చెల్లు."

"మరి జనం సంగతో? బందరు నోరు ఊరికే మూతపడదు. ఏదన్నా అడ్డం పెట్టాలి," అన్నాడు.

అదీ నిజమే. అందుకని మనిషికో మామిడి తాండ్ర ముక్క పంచాలని అనుకున్నాం. మందంగా కోసింది. అది నోట్లో ఉంటే పళ్ళు అతుక్కుపోయి కేక రాదు.

కార్తీక శుద్ధ అష్టమి. పోటుకి బలం లేదు.

పంపుల సంగతి రేపు రాస్తాను. ఇవాళ నా మీద నాకే మండిపోతోంది.

మధ్యాహ్నం మ్యాచ్. గట్టు నిండిపోయింది. గేటు దగ్గర నేనే నిలబడి తాండ్ర ముక్కలు పంచాను. ఆట మొదలైంది. మావాళ్ళు వరసగా బాల్ వేస్తున్నా ఒక్కరూ కిక్కురుమనలేదు. బూట్లు నేలకి రాసుకునే చప్పుడు తప్ప స్టేడియంలో ఇంకేమీ లేదు. ఆటగాళ్ళు మాటిమాటికీ మావైపు చూస్తున్నారు. ఎదుటి జట్టు కోచ్ మాటలు కూడా మాకు వినపడ్డాయి. చెమట్లు కారుతున్నాయి, దవడలు నొప్పెడుతున్నాయి, మేం మాత్రం నమిలి ఊరుకున్నాం. ముసలీ ముతకా కళ్ళమ్మట నీళ్ళు పెట్టుకుంటూ నమిలారు. మూడు భాగాలు అలా గడిచాయి. బందరు చరిత్రలో అంతసేపు అంతమంది మాట్లాడకుండా ఉన్నది ఇవాళే.

ఆఖరి భాగంలో ఒడుగు నాగేంద్ర బాల్ పట్టుకుని రింగు కిందకి దూసుకుపోయాడు. మావాడు, మా పక్క వీధివాడు. ఎదుటివాడు ఎవడో మోచేత్తో గుండెల మీద గుద్దాడు. నాగేంద్ర వెల్లకిలా పడ్డాడు, తల నేలకి తగిలిన చప్పుడు పై వరసదాకా వినిపించింది. రిఫరీ పక్కనే ఉన్నాడు. విజిల్ వెయ్యలేదు.

అంతే. ఎవరు ముందో తెలీదు. నేనే ముందేమో. ఉమ్మేసిన తాండ్ర ముక్క ముందు వరసవాడి నెత్తిన పడింది. "నీ కళ్ళు కాకులు పొడిచినియ్యా రిఫరీ," అంటూ గట్టు మొత్తం లేచింది. జట్టు పోతుంటే నోరు మూసుకోగలిగినవాళ్ళం, ఒక్క అన్యాయపు దెబ్బకి మూసుకోలేకపోయాం. బాషా మావ డప్పు పగిలిపోయేలా కొట్టాడు. ఆయన్ని నేనాపలేదు. పన్నెండేళ్ళలో అంతటి గోల ఎప్పుడూ వెయ్యలేదు. ఆ గోలకి రిఫరీ అదిరిపడి ఫౌల్ ఇచ్చాడు.

నాగేంద్ర తల రుద్దుకుంటూ గీత దగ్గరికొచ్చాడు. అలవాటు ప్రకారం అందరం నోళ్ళు మూశాం. రెండూ వేశాడు. గెలిచాం.

బయటికొస్తుంటే శ్రీనిధి ఎదురొచ్చింది. ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది. "థాంక్యూ మేడమ్. ఇంత మంచి రికార్డింగ్ మాకు ఎప్పుడూ రాలేదు. ఫ్రీ త్రో దగ్గర ఒక్క గ్యాప్ ఉంది, అది మేం సరిచేసుకుంటాం," అంది.

దొంగకి తాళాలిచ్చి, సంచి కూడా మోసి పెట్టాం.

కార్తీక శుద్ధ ఏకాదశి. పోటు ఎక్కుతోంది.

నాలుగు పంపులూ నడుస్తున్నాయి.

పొద్దున్న నాగేంద్ర పంపుహౌసుకి వచ్చాడు. మెట్ల మీద కూర్చున్నాడు. తల వెనక బొప్పి ఇంకా తగ్గలేదు. చిన్నప్పుడు వాడు బాల్ వెయ్యడం నేర్చుకుంది మా పెరట్లోనే, అడుగూడిన చేపలబుట్టని స్తంభానికి కట్టి. పడకపోతే ఏడ్చేవాడు. మా అమ్మ చేపలు తోముతూ, తల ఎత్తకుండానే, తొందరేం లేదురా అనేది. ఆ మాట మొదలైంది అక్కడే.

"ఎల్తన్నానక్కా, రేపే పడవ," అన్నాడు.

"ఎల్లు. ఎవరు పట్టుకున్నారు?"

"సంతకం పెట్టేశాను. ఎల్లకపోతే ఇంకెక్కడా ఆడనివ్వరు. నాకు ఇంకో పని రాదు, నీకు తెల్వదా?"

"తెలుసులేరా. అమ్మ పోయినప్పుడు పాడె మోశావు. ఇప్పుడు ఆవిడ గొంతు కూడా మోసుకుపోతన్నావు. పుణ్యం మిగిలిపోయిందా ఇంకా?"

వాడి మొహం పాలిపోయింది. అనాల్సినదానికన్నా ఎక్కువే అన్నాను, తెలుసు. అన్నాననే తృప్తి కూడా కలగలేదు.

"గోలలో కలిసిపోద్దన్నారక్కా. విడిగా ఎవరికీ వినపడదంట."

"కలిసిపోతే దొంగతనం కాదా? మన వల మొత్తం ఎత్తుకుపోయి, అందులో నీ చేప ఏదో చెప్పలేం అంటే ఊరుకుంటావా?"

వాడు కుండలో నీళ్ళు ముంచుకుని తాగాడు. "విడిగా వినపడితే?" అన్నాడు.

"వినపడితే ఏం జేత్తావ్? రింగు పీకుతావా?"

వాడు లేచి, గోడకున్న మా అమ్మ ఫోటోకి దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను గుమ్మందాకా వెళ్ళలేదు. బాషా మావ వెళ్ళాడు.

మార్గశిర శుద్ధ పంచమి. పోటు మామూలు.

మూడో పంపు ఉదయం ఆగింది, కొట్టి తిట్టి నడిపించాం.

సాయంత్రం మెరకపురంలో కెరటాల మొదటి మ్యాచ్. చూడకూడదని ఒట్టేసుకున్నాను. పంపుహౌసు తెర మీద బాషా మావ పెట్టేశాడు, నేనూ చూశాను.

స్టేడియం అద్దంలా ఉంది. జనం ఒళ్ళో పళ్ళేలు పెట్టుకుని తింటున్నారు. పెదవులు కదలడం లేదు, గోల మాత్రం చెవులు పగిలేలా ఉంది. అది మాదే. మూడో వరస సుబ్బులు ఈల, చేపలరేవు అన్నదమ్ముల బూతులు, వాటిల్లో సగం కత్తిరించేశారు. నా గొంతు కూడా ఉంది. నేనిక్కడ నోరు మూసుకుని కూర్చుంటే అక్కడ నేను అరుస్తున్నాను. తన డప్పు వినపడగానే బాషా మావ చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటికేసే చూస్తూ ఉండిపోయాడు.

మొదటి భాగంలోనే నాగేంద్రకి ఫ్రీ త్రో వచ్చింది. గీత దగ్గరికి వెళ్ళాడు. గోలపెట్టె ఠక్కున ఆగింది. మా అలవాటు కూడా నేర్చుకుంది పాడుది.

ఆ నిశ్శబ్దంలో మా అమ్మ పిలిచింది.

"ఒడుగోరబ్బాయ్, తొందరేం లేదు."

ఒక్కతే. విడిగా, స్పష్టంగా, ఆఖర్న ఆవిడకి వచ్చే చిన్న దగ్గుతో సహా. పులుసులోంచి ఉప్పు రాదన్నారే, ఎట్టా వచ్చిందిప్పుడు? మేం ఖాళీగా ఉంచిన చోటుని గ్యాప్ అన్నారు. చచ్చిపోయిన మనిషిని లేపి అందులో కూర్చోబెట్టారు. నా చేతిలో పానా ఉంది, తెరకేసి విసిరేదాన్నే. బాషా మావ నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగు. వాణ్ణి చూడు," అన్నాడు.

నాగేంద్ర బాల్ వెయ్యలేదు. పొట్టకి ఆనించి పట్టుకుని, పైన స్పీకరుకేసి చూస్తూ నిలబడ్డాడు. ఇచ్చిన టైము అయిపోయింది, రిఫరీ విజిల్ వేశాడు. ఒక త్రో పోయింది. రెండో త్రోకి బాల్ ఇచ్చారు. మళ్ళీ అమ్మ గొంతు. మళ్ళీ వెయ్యలేదు. కొత్త ఊరు కదా, బెదురు అన్నాడు వ్యాఖ్యాత. కోచ్ తిట్టాడు. మూడో భాగంలో మళ్ళీ వచ్చాడు, మళ్ళీ అంతే. మిగతా ఆటంతా పులిలా ఆడాడు. గీత దగ్గరికొచ్చేసరికి రాయైపోయేవాడు.

ఆఖర్న కెరటాలు ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాయి. గడియారంలో ఇంకేమీ మిగల్లేదు. నాగేంద్రకి రెండు త్రోలు. ఒకటి వేస్తే సమానం, రెండూ వేస్తే గెలుపు. వాడు కళ్ళు మూసుకుని వేసినా పడతాయి.

"ఒడుగోరబ్బాయ్, తొందరేం లేదు."

ఈసారి మెరకపురం జనం కూడా తినడం ఆపారు. బాల్ వాడి పొట్ట దగ్గరే ఉంది. విజిల్. మళ్ళీ పిలుపు. మళ్ళీ విజిల్. మ్యాచ్ పోయింది.

మైకు పట్టుకుని ఒకమ్మాయి పరిగెత్తుకొచ్చింది. ఎందుకు వెయ్యలేదని అడిగింది. వాడు మొహం తుడుచుకున్నాడు.

"నాంచారమ్మగారు తొందరేం లేదన్నారుగా, అందుకే ఆగాను. ఆవిడ పోయి రెండేళ్ళయింది. పాడె మోసింది నేనే. ఆ గొంతు ఆవిడ కూతురికి ఇచ్చెయ్యండి, అప్పుడు బాల్ ఏత్తాను."

బాషా మావ నా మణికట్టు వదిలేసి, డప్పు తీసి, ఒకే ఒక్క దెబ్బ కొట్టాడు. నేను ఏడ్చాను. కోపంతోనే ఏడ్చాను, అదీ రాస్తున్నాను.

మార్గశిర శుద్ధ షష్ఠి. పోటు మామూలు.

పంపులు నాలుగూ బాగానే ఉన్నాయి.

పొద్దున్నే శ్రీనిధి ఫోన్ చేసింది. రాత్రంతా నిద్ర లేనట్టుంది. "మీ అమ్మగారి వాయిస్ తీసేశాం మేడమ్. పూర్తిగా. గంటలో అయిపోయింది. కాపీ మీకు పంపించాం, మా దగ్గర ఏమీ ఉంచుకోలేదు."

"అసాధ్యం అన్నావు గదమ్మా?"

ఆ పిల్ల ఆ మాట దాటేసింది.

"అయితే నాగేంద్రగారికి ఒకసారి మీరు చెప్తారా మేడమ్? మీరు చెప్తే వేస్తానంటున్నారు."

కరకట్ట అవతల నీళ్ళకేసి చూస్తూ అన్నాను. "అమ్మ వచ్చేసింది, సరే. సుబ్బులు ఈల ఉంది. బాషా మావ డప్పు ఉంది. నా గొంతు ఉంది. తూర్పు గట్టు మీద కూసున్న ప్రతి మనిషిదీ ఉంది. ఒక్కోటీ విడదియ్యడం వచ్చిందిగా ఇప్పుడు? అన్నీ తీసి పంపండి. అప్పుడు చెప్తా వాడికి."

"అన్నీనా? అవి వేలల్లో ఉంటాయి మేడమ్." ఆ పిల్ల గొంతు సన్నబడింది. "ఎప్పటిలోగా పంపాలి?"

రెండేళ్ళుగా నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట అది. ఇవాళ తడుముకోకుండా వచ్చింది.

"తొందరేం లేదు," అన్నాను. "శనివారం మ్యాచ్‌లో వాడు మళ్ళీ గీత దగ్గరికొస్తాడు."